సగం బల్ల

పొద్దున లేచిన దగ్గర్నుంచి వేణుమాధవ్‌తో నిజం మాట్లాడినవాడు ఒక్కడూ లేడు. అబద్ధాలు ఆయనకు కొత్త కాదు. పోలీసు ఉద్యోగం విడిచిపెట్టి గోదావరిఖనిలో సొంతంగా కేసులు చూసుకోవడం మొదలుపెట్టాక అవి అన్నంలో రాళ్ళలాంటివి. ఏరి పళ్ళెం అంచున పెట్టుకుంటూ తినాలి. కానీ ఈ కేసులో మెతుకుల కంటే రాళ్ళే ఎక్కువ. పైగా మొదటి రాయి వేసినవాడు, ఆయనకు ఫీజు ఇస్తున్న ఆగయ్యే.

ఆగయ్య నిరుటిదాకా బొగ్గుబాయిలో పనిచేశాడు. తలలో ఏదో జబ్బు ఉందని, డ్యూటీకి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చాక ఇంటిపట్టున ఉంటున్నాడు. వారసత్వం కింద కొడుక్కు అదే బాయిలో నౌకరి వచ్చింది. అన్న చనిపోతే అతని బిడ్డ మమతను ఆగయ్యే సాకాడు, డబుల్ డ్యూటీలు చేసి చదివించాడు. ఆ మమత మీదే ఇప్పుడు దొంగతనం మోపారు.

మమత హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. బొగ్గుదుమ్ములో, మందు పేల్చిన పొగలో ఏళ్ళ తరబడి బతికినవాళ్ళ మెదడు ఏమవుతుంది, అందరికీ ఒకేలా అవుతుందా, కొందరి రక్తంలోనే ఆ గుణం ఉందా అని ఆ సంస్థ కొన్నేళ్ళుగా చూస్తోంది. కార్మికుల తలలకు స్కానింగ్ తీసేదీ, రక్తం తీసేదీ ఇక్కడ డాక్టర్ పృథ్వీరాజ్ నడిపే సెంటర్లో. ఆ బొమ్మలనూ, రక్తం ఫలితాలనూ అంకెలుగా మార్చి, ఆ అంకెల్లోంచి అర్థం తీసేది మమత. ఈ ఏడాది పోగైనదంతా ఒక హార్డ్ డిస్కులో ఉంది. మమత వచ్చి లెక్కలు చూసుకునే సెంటర్ మేడమీది గదిలో, బల్ల మీద ఉండాల్సిన ఆ డిస్కు మొన్న పొద్దున తలుపు తీసేసరికి లేదు.

సోమవారం మమతకు పుణెలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఆ చదువులో సమాచారం ఎవరి చేతిలో ఉంటే పేరు వాళ్ళదే. డిస్కు పట్టుకుపోయి అక్కడ తన సొత్తుగా చూపించుకోబోతోందని సంస్థ అనుమానం. ఇవాళ సాయంత్రంలోగా దొరక్కపోతే పోలీసు కేసు పెడతామన్నారు. కేసు పడితే పుణె ఒక్కటే కాదు, ఆ విద్యలో ఆ పిల్లకు దేశంలో ఎక్కడా కుర్చీ ఉండదు.

వేణుమాధవ్ పొద్దున ఆగయ్య క్వార్టరుకు వెళ్ళినప్పుడు ఒకే మాట అడిగాడు. ఆ పరీక్షకు నువ్వు కూడా పోయినవా అని.

"పోయిన. మిషన్ల పన్న, లేచిన," అన్నాడు ఆగయ్య. "ఏసీ పెట్టిండ్రు, సల్లగుండె. సప్పుడు లేదు, ఏం లేదు. కన్నంటుకున్నది."

అది అబద్ధమని సెంటర్ గుమ్మంలో అడుగు పెట్టగానే తేలిపోయింది. లోపల మిషన్ నడుస్తోంది. బండకు డ్రిల్లు పెట్టినట్టు ఆ చప్పుడు మూసిన తలుపు దాటి వచ్చి పళ్ళ సందుల్లో కూర్చుంటోంది. పాతికేళ్ళు బాయి దిగిన మనిషి అయినా సరే, దీని కడుపులో పడుకుని కునుకు తీసే సమస్యే లేదు. డబ్బిచ్చి పెట్టుకున్న డిటెక్టివ్‌కు అబద్ధం చెప్పడమేమిటో! కడుపునొప్పి అని దవాఖానకు పోయి డాక్టరుకు మోకాలు చూపించినట్టుంది.

తలుపు తీసినవాడు సదయ్య. సెంటర్లో ఊడ్చేదీ, వచ్చినవాళ్ళను మిషన్ బల్ల మీద పడుకోబెట్టేదీ, చాయ్ తెచ్చేదీ అన్నీ అతనే. "రా సార్" అని వెనక్కి తిరగబోయి ఎడమ భుజాన్ని దర్వాజకు కొట్టుకున్నాడు. నువ్వెప్పుడొచ్చావన్నట్టు దర్వాజకేసి చూశాడు. గడ్డం కుడివైపు నున్నగా గీసుకున్నాడు, ఎడమవైపు చెవి కింద నుంచి దవడ దాకా వదిలేశాడు. తొందరలో ఎవరైనా చేసేదే అనుకుని వేణుమాధవ్ ఊరుకున్నాడు.

డిస్కు పోయిన రాత్రి మేడమీది గదికి ఎవరైనా వెళ్ళారా అని అడిగితే సదయ్య నేల చూసి, తనకు తెలియదన్నాడు. తాళాలు రెండే. ఒకటి మమత దగ్గర, ఇంకోటి డాక్టర్ దగ్గర. డాక్టర్ ఆ రాత్రి కరీంనగర్‌లో పెళ్ళికి పోయాడు. అంతకుమించి రాబట్టాలంటే పట్టకారు కావాలి. పోనీ ఆ మిషన్‌లో నువ్వెప్పుడైనా పడుకున్నావా అంటే మాత్రం వెంటనే తల అడ్డంగా ఊపాడు.

"నేనెందుకు పంట సార్. పండవెట్టుడే నా పని."

మిషన్ ఆగింది. లోపలి మనిషి చెవులు రుద్దుకుంటూ బయటికి వచ్చాడు. వేణుమాధవ్ గడియారం, బెల్టు, తాళంచెవులు తీసి పళ్ళెంలో పడేసి, ఒకసారి నన్ను పండబెట్టు, నడపకుండా ఊరికే అన్నాడు. సదయ్యకు అది సంబరంగా ఉంది. తలకు పంజరంలాంటిది తొడిగి బల్లను లోపలికి తోస్తూ ధైర్యం చెప్పాడు.

"బుగులు వడకు సార్. కండ్ల మీద చిన్నద్దం ఉంటది. దాంట్ల నీ కాలు కనవడ్తది. ఒక్కటే కనవడ్తది, రెండోది యాడ వోయిందని పరేషాన్ కాకు. ఆ కాలు దిక్కే సూసుకుంట ఉంటే జల్ది అయిపోతది."

అద్దంలో వేణుమాధవ్‌కు రెండు కాళ్ళూ కనిపించాయి. ఒక మేజోడుకు బొటనవేలి దగ్గర చిరుగు కూడా కనిపించింది. ఏదో ఒకటి మనసులో ముల్లులా గుచ్చుకుంది కానీ, అదేమిటో పట్టుకునేలోపు బయట నుంచి ఒక గొంతు వినబడింది.

"ఏంటండీ వేణుమాధవ్ గారూ, ఒంట్లో నలతగా ఉందా? చెబితే నేనే మంచి డాక్టర్ని చూపించేవాణ్ణి కదా!"

బాబూరావు. గుడివాడ వైపు మనిషి, రిటైరైన ఇన్‌స్పెక్టర్. హైదరాబాదులో ఏజెన్సీ పెట్టుకున్నాడు. సంస్థ తరఫున వచ్చి రెండు రోజులైంది. వచ్చిన గంటకే దొంగ మమత అని తేల్చేసి, మిగతా సమయమంతా ఆ తేల్చినదాన్ని అందరికీ వినిపిస్తున్నాడు.

బల్ల మీంచి దింపుతుండగా సదయ్య మెల్లగా చెప్పాడు, మధ్యాహ్నం తను ఉండనని. కొన్నాళ్ళుగా తలనొప్పి. డాక్టర్ సారు దేవుడు, తన సొంత కారులో, ముందు సీట్లో కూర్చోబెట్టుకొని నాగపూర్ తీసుకుపోయి చూపిస్తానన్నాడట. ఆ ముందు సీటు సంగతి రెండుసార్లు చెప్పాడు.

మేడమీది గదిని బాబూరావు సీలు వేయించాడు. ఇప్పుడు తీయించి, గుమ్మంలో నిలబడి బొమ్మల కొలువు చూపించినట్టు చూపించాడు. గదిలో వేణుమాధవ్‌కు నచ్చింది బల్ల ఒక్కటే. దాని కుడి సగం ఊడ్చిపెట్టినట్టు ఉంది. డిస్కు ఒక్కటే కాదు. స్టాప్లరు, క్యాలెండరు, సిరా లేని పెన్నులు, గుండుసూదుల డబ్బీ, అన్నీ పోయాయి. దుమ్ములో వాటి గుర్తులు మాత్రం మిగిలాయి. ఎడమ సగం మీద పూచికపుల్ల కదల్లేదు. నీళ్ళసీసా, ఖరీదైన క్యాలిక్యులేటరు, వాటి పక్కన అచ్చం పోయినదానిలాంటిదే ఇంకో డిస్కు.

"దొంగ సగం బల్ల ఊడ్చి ఇంటికి పోయిండా?" అన్నాడు వేణుమాధవ్.

"అక్కడే దొరికిపోయింది మీ పిల్ల," అన్నాడు బాబూరావు. "ఆ ఎడమ పక్క దాంట్లో ఉన్నది చెత్తండి. పనికిరావని తీసేసిన బొమ్మలు. రెండు డిస్కులూ కవల పిల్లల్లా ఉన్నాయి, మీరైతే ఏది తీస్తారు? నేనైతే రెండూ తీస్తాను. ఏది అసలు, ఏది చెత్త అన్నది ఆవిడకి ఒక్కదానికే తెలుసు. స్టాప్లర్లూ అవీ మన కళ్ళలో కారం కొట్టడానికి."

మాట గట్టిగానే ఉంది. అదే వేణుమాధవ్‌కు చిరాకు. తప్పు మాట ఇంత తిన్నగా నిలబడకూడదు.

"సిరా లేని పెన్నులు ఎందుకు తీస్కపోయె?"

"మీరు అడగాల్సింది నన్ను కాదు."

"మిమ్మల్ని అడిగితేనే గద, జవాబు మీ జేబుల తయారుగుంటది."

"చూడండీ, మీ ఊరి పిల్లని మీరు కాపాడుకోవడంలో తప్పులేదు," అన్నాడు బాబూరావు. "ఐదింటికి నేను స్టేషన్లో కాగితం ఇస్తాను. ఈలోపల మీరు ఇంకో నాలుగుసార్లు మిషన్‌లో పడుకోండి."

మమతను ఆ గదికే పిలిపించారు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. కళ్ళ కింద నల్లటి చారలు, చేతిలో మడిచిన ఇంటర్వ్యూ పిలుపు. అడిగినదానికల్లా ఒకటే జవాబు, తెల్వదు. ఎవరి మీద అనుమానం అంటే తెల్వదు. డిస్కు పోయేముందు ఏం జరిగింది అంటే తెల్వదు. ఇంత చదివిన పిల్లకు తెలియనివి ఇన్ని ఎలా ఉన్నాయో వేణుమాధవ్‌కు అర్థం కాలేదు. ఓపిక అడుగంటింది. కుర్చీ లాక్కొని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"మీ కాక ఆ మిషన్ల పండుకోలే."

మమత చేతిలో కాగితం నలిగింది.

"చప్పుడు లేదన్నడు. కన్నంటుకున్నదన్నడు. నీకు తెలుసు ఆయన పోలేదని. నీ నౌకరి పోతున్నా నోరిప్పుతలేవంటే, అది నీ సంగతి కాదు, ఆయన సంగతి. ఔనా కాదా?"

 కిటికీ వైపు చూస్తూ చెప్పుకొచ్చింది. లెక్కలు మొదలుపెట్టే ముందు ప్రతి మనిషీ ఆ మనిషేనా అని రక్తంతో సరిచూసుకోవడం వాళ్ళ పద్ధతి. ఈసారి చూస్తే ఆరు పేర్ల మీద ఉన్న రక్తం ఒకే మనిషిది. ఆ ఆరుగురూ మెడికల్ అన్‌ఫిట్ అయి ఇంటి దగ్గర ఉంటున్నవాళ్ళే. అందులో ఆగయ్య ఒకడు. హైదరాబాదులో తన ప్రొఫెసర్ రాజరాజేశ్వరి గారికి ఫోన్ చేసింది. ఆమె తేలిగ్గా తీసుకుంది. రక్తం గొట్టాలు కలిసిపోయి ఉంటాయి, ఆ ఆరూ తీసిపారెయ్, వందల మందిలో ఆరుగురు ఎంత, పుణె సంగతి చూసుకో అంది. సెంటర్లో గొట్టాలు కలిపారా అని డాక్టర్ పృథ్వీరాజ్‌కు కూడా ఫోన్ చేసిందట. ఆ మర్నాడే డిస్కు లేదు.

"గొట్టాలు కలువలే అన్నా," అంది మమత. "మేడమ్‌ది ఈ ఊరు కాదు, ఆమెకు తెల్వది. మనకు తెల్వదా? అప్పట్ల బాయిల పని దొరకాలంటే అన్న సర్టిఫికెట్ మీద తమ్ముడు, బావ పేరు మీద బామ్మర్ది చేరిండ్రు. బాయిల ఒక పేరు, ఇంట్ల ఒక పేరు. రక్తం ఇస్తే మారుపేరు బయట పడ్తదని, కొడుకు నౌకరి పోతదని బుగులువడ్డరు. ఎవన్నో ఒకన్ని తమ బదులు పంపిండ్రు. నేను నోరిప్పితే ఆరు కొంపలు కూలుతయ్. అండ్ల మా కాకది మొదటిది."

ఇదన్నమాట. పొద్దున్నుంచి అందరూ నమిలి మింగుతున్నది ఇదే. ఊరంతా ఎరిగిన గుట్టును ఊరంతా కలిసి దాస్తూ, దాని వెనుక ఇంకేదైనా నక్కిందా అని ఒక్కరూ తొంగిచూడలేదు. వేణుమాధవ్‌కు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

"సరే. ఆరుగురి బదులు ఒక్కడే వచ్చిండు. వాడెవడు?"

"తెల్వది." ఈసారి ఆ మాట నిజంలా వినిపించింది.

"రక్తం ఒక్కనిదైతే తలకాయ సుత ఒక్కనిదే కావాలె గద. ఆ తలలెట్లున్నయ్?"

మమత చెప్పబోయింది. ఆ ఆరు తలలూ తన లెక్కల్లోకి రానే లేదని, కొలతకు అందని బొమ్మలను ప్రోగ్రామే ఏరి పక్కన పడేస్తుందని, కదిలిన తలలకు మామూలుగా అలాగే జరుగుతుందని. సగంలో ఆగింది. రక్తం లెక్క ఒక చోట, తల లెక్క ఒక చోట. రెంటినీ పక్కపక్కన పెట్టాలని తనకు ఇప్పటిదాకా తోచలేదు. మెల్లగా లేచి బల్ల దగ్గరికి వెళ్ళి, ఎడమవైపు మిగిలిన డిస్కు తీసుకుంది. బాబూరావు అడ్డం రాబోయి, ఎందుకో ఆగాడు.

"బొమ్మలు నేనెప్పుడూ చూడలే," అంది ల్యాప్‌టాప్‌కు తగిలిస్తూ. "మాకు అంకెలే వస్తయి."

పనికిరావని పారేసిన వాటిలోంచి ఆ ఆరు పేర్లు వెతికి, తేదీల వరసలో పేర్చింది. చూడటానికి చదువు అక్కర్లేదు. ఆరుగురు మనుషుల మెదళ్ళు ఆరు మోస్తర్లుగా మడతలు పడి ఉండాలి, వేలిముద్రల్లా. ఇక్కడ ఆరింటికీ ఒకే మడతలు. ఆరింటిలోనూ కుడివైపు వెనుక భాగంలో ఒక తెల్లటి ఉండ. మొదటి బొమ్మలో అది రేగుపండంత ఉంది. చివరి దాంట్లో కోడిగుడ్డంత.

బాబూరావు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"గడ్డ," అంది మమత.  "పెరుగుతున్నది. ఆపరేషన్ చెయ్యకుంటే బతకడు."

మిగతాది వేణుమాధవ్‌కు ముడి విప్పినట్టు వచ్చేసింది. నిజంగా జబ్బున్న తల ఒకటి డాక్టర్ చేతికి దొరికింది. బాయి దిగలేక కొడుక్కు నౌకరి ఇప్పించాలనుకున్న వాళ్ళ పేర్ల మీద దాన్నే మళ్ళీ మళ్ళీ స్కాన్ తీసి, రిపోర్టులు అమ్ముకున్నాడు. పాపం మెడికల్ బోర్డు కాగితం చూసి నమ్మింది. తరువాత ఈ పరిశోధనలో ఆ మనుషుల పేర్లు వస్తే, జబ్బు లేని వాళ్ళ తలలు మిషన్‌లోకి పోతే గుట్టు బయటపడుతుందని వాళ్ళ బదులు మళ్ళీ అతన్నే పడుకోబెట్టాడు. రక్తం కూడా అతనిదే ఇప్పించాడు. జబ్బు ఉందని మాత్రం అతనికి చెప్పలేదు. నయమైతే నష్టం.

"ఆడ గడ్డ ఉంటే మనిషికి ఏమైతది?" అడిగాడు.

"కుడిదిక్కు వెనక దెబ్బతింటే ఎడమదిక్కు కనవడది అన్నా. కండ్లు మంచిగనే ఉంటయ్. కనవడుతలేదని వానికే తెల్వది. సగం లోకం ఉండది, అంతే."

వేణుమాధవ్ బల్లకేసి చూశాడు. కుడి సగం ఊడ్చినట్టు ఉంది, ఎడమ సగం ఉన్నది ఉన్నట్టు ఉంది. బల్ల మీద ఉన్నదంతా తెమ్మని డాక్టర్ తన తాళంచెవి ఇచ్చి పంపితే, ఉన్నదంతా తెచ్చాడు పాపం. అతనికి ఉన్నదంతా అదే. సగం గీసిన గడ్డం. దర్వాజకు కొట్టుకున్న భుజం. అద్దంలో ఒక్క కాలు.

"సదయ్య," అన్నాడు.

 ముందుగా తేరుకున్నవాడు బాబూరావు. రెండు రోజులుగా ఆయన నోట వినని మెత్తని గొంతుతో అన్నాడు, "అమ్మా, బొమ్మలు చాలవు. ఆ ఆరు పేర్లూ నువ్వు నీ నోటితో చెప్పాలి. చెబితే నీ మీద కాగితం నేను చింపేస్తాను. చెప్పకపోతే డాక్టర్ ఒక్కమాటతో తేల్చేస్తాడు, ఇవన్నీ నువ్వే పుట్టించావని."

మమత చేతిలో ఉన్న ఇంటర్వ్యూ కాగితాన్ని చూసుకుంది. దాన్ని ఆమె దాకా తెచ్చినవి ఆగయ్య చేసిన డబుల్ డ్యూటీలు. మారుపేరైతే కడుపులో దాచుకునేది. ఇది మారుపేరు కాదు. రేగుపండు కోడిగుడ్డు అయ్యేదాకా ఒక మనిషిని అడ్డం పెట్టుకొని తెచ్చుకున్న నౌకరి. కాకకు అంతా తెలియకపోవచ్చు. తెలుసుకోవాలని మాత్రం అనుకోలేదు.

"ఆగయ్య," అంది. "మా కాక. మొదాలు ఆయన పేరే రాసుకోండి సార్."

బాబూరావు పెన్ను తీశాడు. కింద కారు స్టార్టయిన చప్పుడు వినబడింది.

వేణుమాధవ్ కిటికీలోంచి చూశాడు. డాక్టర్ పృథ్వీరాజ్ తెల్ల కారు. డిస్కును నిన్ననే పగలగొట్టి గోదావరిలో పారేసి ఉంటాడు. ఆ బొమ్మలైనా నకళ్ళే. అసలు సాక్ష్యం సదయ్య భుజాల మీద ఉంది, నాగపూర్ బయలుదేరుతోంది. అది నాగపూర్ చేరదని వేణుమాధవ్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. బెల్టు లేని ప్యాంటును ఒక చేత్తో పట్టుకొని మెట్లు దూకాడు. వెనకాల బాబూరావు తన డ్రైవర్ని పేరుపెట్టి కేకేస్తున్నాడు.

గేటు దగ్గర కారు మలుపు తీసుకుంటోంది. వేణుమాధవ్ ఎడమవైపు నుంచి చేరుకున్నాడు. సదయ్య ముందు సీట్లో, అనుకున్నట్టే, కిటికీ పక్కన కూర్చున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, ఒళ్ళో సద్దిగిన్నె పెట్టుకున్నాడు. అద్దం దించే ఉంది. చెయ్యి చాస్తే తగిలేంత దూరం.

"సదన్నా! దిగు! దిగు!"

సదయ్య విన్నాడు. ఎవరో తనను పిలిచారని మొహం విప్పారింది. స్టీరింగ్ వెనుక నుంచి పృథ్వీరాజ్ వేణుమాధవ్‌ను చూశాడు, చూసి గేరు మార్చాడు. సదయ్య మాత్రం పిలిచినవాడి కోసం కుడివైపుకు తిరిగి, డాక్టర్ భుజం మీదుగా, ఆ పక్క ఖాళీ గోడ పొడుగునా వెతుకుతూనే ఉన్నాడు. కారు రోడ్డెక్కింది.